మీటరు లెక్క, రౌండు లెక్క

2024 నవంబరు 16, శనివారం. సూరత్ లింబాయత్‌లో ఎండ ఇంకా ముదరలేదు. రాత్రి షిఫ్టు దిగిన మరమగ్గాల కుర్రాళ్లు ఐదుగురు టీకొట్టు ముందర ఒకే ఫోను చుట్టూ మూగారు. రాత్రంతా మగ్గాల మోతలో ఉన్నవాళ్లు కాబట్టి మాటలన్నీ పెద్ద గొంతుతోనే. జుట్టు నిండా పోగుల నలుసులు. ఫోనులో అమెరికా, టెక్సస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ స్టేడియం. మైక్ టైసన్, జేక్ పాల్ బరిలోకి దిగడానికి ఇంకా చాలాసేపుంది. ముందు ఆడుతున్నది మనవాడు, హర్యానాకు చెందిన నీరజ్ గోయత్. ఎదుట బ్రెజిల్ యూట్యూబర్ విండర్సన్ నూనెస్. బొమ్మ మాటిమాటికీ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా ఐదుగురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆరు రౌండ్లయ్యాక ముగ్గురు జడ్జీలూ గోయతే గెలిచాడన్నారు. కుర్రాళ్లు ఎగిరి గంతేశారు.

"ఒక్క గుద్దుకు ఎంత పడుతదే అన్నా?" అని వాళ్లలో చిన్నవాడు నన్నడిగాడు.

"గుద్దుకు కాదు తమ్మీ, రౌండ్ల లెక్క. నాలుగు రౌండ్ల ఆటకు ఇంత, ఆరు రౌండ్లకు ఇంత అని ముందే మాట్లాడుకుంటరు" అన్నాను.

బెంచీ మీద కూర్చున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లోనే ముసలివాడైన మనిషి. "అట్లంటే మన మీటరు లెక్కనే గదా బిడ్డా. సాంచ నడిస్తే కూలి, ఆగితే లేదు" అన్నాడు.

బాక్సింగ్ డబ్బు గురించి నేను చదివిన వాటిలో ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకోటి లేదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం, గుజరాతీలో యంత్రాన్ని సాంచో అంటారు. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్లకే కూలి. లింబాయత్‌లో, ఉధ్నాలో, పాండేసరాలో బతికే తెలుగు కుటుంబాలకు ఈ లెక్క పుట్టుకతో తెలుసు. ప్రొఫెషనల్ బాక్సర్ బతుకు కూడా అచ్చం ఇంతే. అతనికి జీతం లేదు, పింఛను లేదు, జ్వరం వస్తే సెలవు లేదు. పోటీ ఉంటేనే డబ్బు. ఆ డబ్బులో మేనేజరుకు మూడో వంతు దాకా, శిక్షకుడికి పదో వంతు పోవడం ఈ వృత్తిలో పాత ఆనవాయితీ. టైటిల్ పోటీ అయితే బెల్టు ఇచ్చే సంస్థకు కూడా కొంత కట్టాలి. వారాల తరబడి శిక్షణ శిబిరం, సాధనలో ఎదుట నిలిచి దెబ్బలు తినే జోడీలకు కూలి, వైద్య పరీక్షలు, ప్రయాణం కలిసి మిగిలినదాంట్లో పెద్ద భాగం మింగేస్తాయి. తెర మీద కోట్ల అంకెలు చూసి మనం అనుకునేది వేరు, నాలుగు రౌండ్ల కుర్రాడి జేబులో పడేది వేరు.

ఇందులో ఇంకో కిటుకుంది. ప్రొఫెషనల్ బాక్సింగులో డ్రా తీయరు, ఎవరితో ఎవరు ఆడాలన్నది ప్రమోటరు చూసి కుదురుస్తాడు. టికెట్లు అమ్మగల కుర్రాడు ఒక మూల, అతనికి సరిపోయేలా తెచ్చినవాడు ఇంకో మూల. రెండో మూలవాడు ఊరికే ఓడిపోవడానికి వస్తాడని కాదు. చాలామంది గట్టివాళ్లే. కాకపోతే ప్రయాణపు అలసట, తక్కువ సమయంలో వచ్చిన పిలుపు, ఎదుటివాడి సొంత జనం, అన్నీ వాళ్ల మీదే పడతాయి. ఆ రెండో మూల మనుషులు లేకుండా ఏ చాంపియనూ తయారు కాలేదు. వాళ్ల పేర్లే మనకు గుర్తుండవు.

మన దేశంలో ఈ వృత్తి ఎలా నడిచిందో చూడాలంటే విజేందర్ సింగ్ దగ్గర ఆగాల్సిందే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, బాక్సింగులో దేశానికి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చినవాడు. భివానీ దగ్గర కాలువాస్ ఊరి మనిషి. 2015లో ఫ్రాంక్ వారెన్‌కు చెందిన క్వీన్స్‌బెర్రీ ప్రమోషన్స్‌తో సంతకం చేసి ప్రొఫెషనల్ అయ్యాడు. అప్పటికి హర్యానా పోలీసుల్లో డీఎస్పీ. సర్కారు ఉద్యోగంలో ఉంటూ డబ్బు కోసం ఆడవచ్చా అన్న పంచాయితీ పంజాబ్-హర్యానా హైకోర్టు దాకా వెళ్లింది. 2015 అక్టోబరు 10న మాంచెస్టర్‌లో సానీ వైటింగ్‌ను మూడో రౌండులో ఆపి అరంగేట్రం చేశాడు. 2016 జులై 16న ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో కెర్రీ హోప్‌ను పది రౌండ్లలో ఓడించి డబ్ల్యూబీఓ ఆసియా పసిఫిక్ సూపర్ మిడిల్‌వెయిట్ బెల్టు కట్టుకున్నాడు.

ఇక్కడ వేళ్ల మీద లెక్క వేసి చూడండి. మాంచెస్టర్ నుంచి త్యాగరాజ్ దాకా తొమ్మిది నెలలు, ఏడు పోటీలు. ఆ తర్వాత 2016 డిసెంబరు నుంచి 2022 ఆగస్టు దాకా దాదాపు ఆరేళ్లు, అప్పుడూ ఏడే పోటీలు. ఆయన ప్రొఫెషనల్ బాక్సింగ్ జీవితం మొత్తం ఈ రెండు 'ఏడు'ల్లో ఉంది. మొదటి ఏడింటిలో ఢిల్లీది తప్ప మిగతావి కొత్తవాడిని తయారుచేసే పద్ధతిలో, విదేశాల్లో అలవాటుగా నడిచే కార్డుల మీద జరిగాయి. తర్వాతి ఏడు ఒక్కోటి ఒక్కో పెళ్లిలాంటివి. స్టేడియం, టీవీ, స్పాన్సరు, సినిమావాళ్లు అందరూ కుదిరితేనే జరిగేవి. కుదరకపోతే నెలలు, ఏళ్లు ఖాళీ.

ఆ రెండో ఏడులోనూ మంచి ఆట లేదని కాదు. 2017 ఆగస్టు 5న ముంబై వర్లీలో చైనాకు చెందిన జుల్పికార్ మైమైతియాలితో పది రౌండ్లూ నువ్వా నేనా అన్నట్టు సాగాయి. ఇద్దరు జడ్జీలు ఒకే ఒక్క పాయింటు తేడాతో విజేందర్‌కు ఇచ్చారు. అప్పుడు డోక్లాంలో రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. గెలిచినవాడు మైకు అందుకుని, సరిహద్దులో శాంతి కోసం ఈ బెల్టు అతనికే తిరిగి ఇచ్చేస్తానన్నాడు. గెలుపు వేడి చల్లారకముందే అంత మాట అనగలగడం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది.

2017 డిసెంబరులో జైపూర్‌లో ఆడిన తర్వాత ఏడాదిన్నర పోటీయే లేదు. ఈ మధ్యలో అమెరికాలోని బాబ్ ఆరమ్ కంపెనీ టాప్ ర్యాంక్‌తో ఒప్పందం కుదిరింది, లోక్‌సభ ఎన్నికల్లో దక్షిణ ఢిల్లీ నుంచి పోటీ చేసి ఓడిపోయాడు. 2019 జులై 13న న్యూవార్క్‌లో మైక్ స్నైడర్‌ను నాలుగో రౌండులో ఆపాడు. నవంబరులో దుబాయిలో చార్లెస్ అడాము మీద గెలిచాడు. మళ్లీ పదహారు నెలల ఖాళీ. 2021 మార్చి 19న గోవాలో పణజి దగ్గర మెజెస్టిక్ ప్రైడ్ అనే క్యాసినో ఓడ పైకప్పు మీద రింగు వేశారు. ఎదుట రష్యా కుర్రాడు ఆర్టిష్ లోప్సాన్, విజేందర్ కంటే పొడగరి, వయసులో బాగా చిన్నవాడు. ఐదో రౌండులో రిఫరీ ఆట ఆపాడు. మొదటి ఓటమి. 2022 ఆగస్టు 17న రాయపూర్‌లో ఘనాకు చెందిన ఎలియాసు సులేను రెండో రౌండులోనే పడగొట్టి తిరిగి వచ్చాడు. ఆ పోటీకి 'జంగిల్ రంబుల్' అని పేరు పెట్టారు. పేరైతే కిన్షాసాలో అలీ, ఫోర్‌మన్ ఆడిన పోరును గుర్తు చేసేదే, కానీ దాని వెనక ఇంకో పోటీ రాలేదు. పదమూడు గెలుపులు, ఒక ఓటమి.

లోప్సాన్ చేతిలో ఓడినప్పుడు చాలామంది వయసైపోయిందన్నారు. ముప్పై ఐదేళ్లంటే ఈ ఆటలో కుర్రతనం కాదు, నిజమే. కానీ నా చూపు పదహారు నెలల ఖాళీ మీదే పడుతుంది. సాంచ నాలుగు నెలలు ఆపి ఉంచి ఒకరోజు స్విచ్ వేస్తే మొదటి గంటంతా పోగులు తెగుతూనే ఉంటాయి. మనిషి ఒళ్లూ అంతే. సాధన ఎంత చేసినా, నిన్ను నిజంగా కొట్టాలని వచ్చినవాడి ముందు నిలబడటం వేరు. ఆ దూరం, ఆ వేగం, ఎప్పుడు తల పక్కకు తీయాలన్న ఆ లిప్తపాటు గ్రహింపు, ఇవి పోటీల్లోనే పదునెక్కుతాయి, పోటీల్లేకపోతే మొద్దుబారతాయి.

మన బాక్సర్ల కథల్లో జరగని పోటీలదీ ఓ అధ్యాయం. బ్రిటన్‌లో పుట్టిన పాకిస్తానీ మూలాల బాక్సర్ అమీర్ ఖాన్‌తో విజేందర్ పోరు అంటూ ఏళ్ల తరబడి మాటలు నడిచాయి. భారత్-పాక్ అన్న రెండు మాటలు పక్కపక్కన పడితే అమ్ముడుపోని టికెట్ ఉండదు. అది జరగలేదు. నీరజ్ గోయత్‌కైతే ఆ అవకాశం గుమ్మం దాకా వచ్చింది. 2019 జులై 12న జెద్దాలో అమీర్ ఖాన్‌తో పోటీ ఖరారైంది. కొద్ది వారాల ముందు హర్యానాలో కారు ప్రమాదం. ముఖానికి, చేతికి గాయాలతో గోయత్ ఆసుపత్రిలో ఉంటే అతని చోటికి ఆస్ట్రేలియా నుంచి బిల్లీ డిబ్‌ను తెచ్చారు. డిబ్ నాలుగో రౌండులో ఓడిపోయాడు. ఆ ఓటమికి దక్కిన డబ్బు కూడా గోయత్‌కు రావాల్సింది. అందుకే ఐదేళ్ల తర్వాత ఆర్లింగ్టన్‌లో యూట్యూబర్ మీద గెలిచినందుకు అతన్ని చిన్నచూపు చూసినవాళ్ల మాట నాకు రుచించలేదు. కారు ప్రమాదంలో దెబ్బతిన్న చేతిని మళ్లీ గ్లవ్‌లో దూర్చి డెబ్బై వేలమంది ముందు నిలబడ్డ మనిషి అతను.

తిరిగి రావడం గురించి. సినిమాల్లో బాక్సర్ తిరిగి వచ్చేది పౌరుషం కోసం. చరిత్రలో ఎక్కువసార్లు వాళ్లను వెనక్కి లాక్కొచ్చింది బాకీ. జో లూయిస్ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పన్నెండేళ్లకు దగ్గరగా హెవీవెయిట్ చాంపియన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెండు పోటీల సంపాదన సైన్యం, నావికాదళం సహాయ నిధులకు ఇచ్చేశాడు. ఆ ఇచ్చేసిన డబ్బు మీద కూడా పన్ను కట్టమన్నారు. బాకీ పెరిగి కొండైంది. రిటైరైన మనిషి 1950లో మళ్లీ గ్లవ్స్ కట్టుకుని ఎజార్డ్ చార్లెస్ చేతిలో ఓడిపోయాడు. 1951 అక్టోబరు 26న కుర్రవాడైన రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో అతన్ని తాళ్ల అవతలికి పడగొట్టాడు.

మహమ్మద్ అలీది రెండు రకాల తిరిగి రావడం. మొదటిది న్యాయమైనది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో బెల్టు, లైసెన్సు రెండూ లాగేసుకున్నారు. మూడున్నరేళ్లు ఖాళీ. 1970 అక్టోబరులో అట్లాంటాలో జెర్రీ క్వారీతో మొదలుపెట్టాడు. 1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జో ఫ్రేజియర్‌తో తలపడ్డాడు. ఇద్దరికీ చెరి 25 లక్షల డాలర్లు, అప్పటికది కనీవినీ ఎరుగని మొత్తం. అలీ ఓడాడు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను పడగొట్టి బెల్టు తిరిగి తెచ్చుకున్నాడు.

రెండో రాక చూడలేనిది. 1980 మొదట్లో ఆయన మన దేశం వచ్చాడు. ఢిల్లీలో మన కౌర్ సింగ్‌తో నాలుగు రౌండ్ల ప్రదర్శన ఆట ఆడాడు. మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఇంకో ప్రదర్శన. జనం విరగబడి చూశారు. అప్పటికి ఆయన వయసు 38, ఆటకు స్వస్తి చెప్పానని అంతకుముందే ప్రకటించి ఉన్నాడు. అదే ఏడు అక్టోబరు 2న లాస్ వేగస్‌లో లారీ హోమ్స్ ముందు నిలబెట్టారు. హోమ్స్ ఒకప్పుడు అలీకి సాధనలో జోడీగా దెబ్బలు తిన్నవాడు. కొట్టలేక కొట్టలేక కొట్టాడు. పది రౌండ్లయ్యాక అలీ మూలలోని ఏంజెలో డండీ ఇక చాలన్నాడు. ఏడాది తర్వాత బహామాస్‌లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో కూడా ఓడాకగాని అలీ మానలేదు. 1984కి పార్కిన్సన్స్ అని తేలింది.

వీటన్నిటికీ ఎదురుగా ఫోర్‌మన్ నిలుస్తాడు. 1977లో మానేసి పాస్టరయ్యాడు. పదేళ్లకు హ్యూస్టన్‌లో తాను నడిపే యువజన కేంద్రానికి డబ్బు కావాలని మళ్లీ వచ్చాడు. నేరుగా చాంపియన్ మీదికి వెళ్లకుండా చిన్న ఊళ్లలో, చిన్న పోటీల్లో మొదలుపెట్టాడు. వరసగా ఇరవై నాలుగు గెలిచాకగాని 1991లో ఇవాండర్ హోలీఫీల్డ్ ముందుకు పోలేదు. అది ఓడాడు, కానీ పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో, మైకేల్ మూరర్‌ను పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో పడగొట్టి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అంత వయసులో ఆ బెల్టు గెలిచినవాడు ఇంకొకడు లేడు. ఆ ఒక్క దెబ్బే అందరికీ గుర్తు. దాని వెనక 1991 దాకా వరసగా ఆడిన ఆ చిన్న పోటీలు ఉన్నాయి. విజేందర్‌కు దొరకనివి అవే.

మాంచెస్టర్ వీరుడు రికీ హాటన్ 2009లో మానీ పక్యావ్ చేతిలో రెండో రౌండులో నేలకొరిగాక కుంగుబాటులో పడ్డాడు, మత్తులో పడ్డాడు. ఆ సంగతి తానే దాచకుండా చెప్పాడు. 2012లో తిరిగి వచ్చి ఓడి, మానేస్తున్నట్టు చెప్పాడు. 2025 డిసెంబరులో దుబాయిలో మళ్లీ ఆడతానని ప్రకటించాడు. ఆ డిసెంబరు రాకముందే, సెప్టెంబరు 14న తన ఇంట్లో విగతజీవిగా కనిపించాడు. వయసు 46. తిరిగి రావడం అన్న మాటను పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో చూసినప్పుడల్లా, రింగు బయట ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందో అడగాలనిపిస్తుంది.

ఇక భారీ డబ్బు పోటీలు. 2015 మే 2న ఫ్లాయిడ్ మేవెదర్, పక్యావ్ ఆడినప్పుడు అమెరికాలో 46 లక్షల ఇళ్లు డబ్బు కట్టి చూశాయి. ఆట మాత్రం చప్పగా సాగింది. ఇద్దరూ ఐదేళ్ల ముందు తలపడి ఉంటే వేరుగా ఉండేది. కానీ ఆ ఐదేళ్ల ఆలస్యమే ధర పెంచింది. బేరం పండటానికి ఎంతకాలం ఆగాలో ప్రమోటర్లకు తెలుసు. ఆలోగా ఆట పండి రాలిపోయినా వాళ్లకు నష్టం లేదు. 2017లో అదే మేవెదర్, ప్రొఫెషనల్ బాక్సింగ్ ఒక్కటీ ఆడని కానర్ మెక్‌గ్రెగర్‌తో ఆడితే కూడా దాదాపు అంతే అమ్ముడైంది. పేరుంటే చాలునని తేలిపోయింది. ఆ దారిలోనే ఆర్లింగ్టన్ పోరు వచ్చింది. 58 ఏళ్ల టైసన్, 27 ఏళ్ల పాల్. రౌండుకు మూడు నిమిషాలకు బదులు రెండే, గ్లవ్స్ మామూలు కంటే బరువైనవి. జులైలో జరగాల్సింది టైసన్‌కు కడుపులో పుండు బయటపడి నవంబరుకు వాయిదా పడింది. పాల్ ఎనిమిది రౌండ్లకు గెలిచాడు. ఆ రోజు లింబాయత్ టీకొట్టు దగ్గర మూడో రౌండు వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గిపోయాయి. "ముసలాయన్ని ఇంటికి పంపియ్యుండ్రి" అన్నాడు పెద్దాయన.

అదే కార్డు మీద అంతకుముందు కేటీ టేలర్, అమాండా సెరానో పోరు జరిగింది. ఆ రోజు అసలైన బాక్సింగ్ అదీ. 2022లో వీళ్లిద్దరే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాన పోటీగా ఆడిన మొదటి మహిళలయ్యారు. మహిళా బాక్సర్ పది లక్షల డాలర్ల పర్సు చూడటం అప్పుడే మొదలు. సమఉజ్జీలు కలిస్తే డబ్బూ వస్తుంది, ఆటా వస్తుంది. కాకపోతే అలాంటి ఇద్దరు తయారు కావడానికి పదేళ్లు పడుతుంది. అంత ఓపిక ఉన్న పెట్టుబడి అరుదు.

మనవాళ్లు ఎక్కడున్నారు? తెలుగు నేలకు బాక్సింగులో రెండు పుట్టిళ్లు. ఒకటి విశాఖపట్నం. సముద్రం ఒడ్డు, నావికాదళం, స్పోర్ట్స్ అథారిటీ కేంద్రం, ద్రోణాచార్య గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు లాంటి గురువు. నాగిశెట్టి ఉష అక్కడినుంచే వెళ్లి ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చింది, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుంది. వెంకటేశ్ నటించిన 'గురు' కథ విశాఖలో నడవడం ఊరికే కాదు. రెండోది నిజామాబాద్. అక్కడ శంషముద్దీన్ అనే గురువు దగ్గర ఆయన కొడుకు హుసాముద్దీన్, ఊరి పిల్ల నిఖత్ జరీన్ ఓనమాలు దిద్దారు. హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల సెమీస్‌కు చేరి, మోకాలి గాయంతో బరిలో దిగలేక కాంస్యంతో తిరిగొచ్చాడు.

నిజమైన తిరిగి రావడం చూడాలంటే నాకు అలీ కంటే దగ్గరి ఉదాహరణ నిఖత్. 2009లో విశాఖ స్పోర్ట్స్ అథారిటీ కేంద్రానికి వెళ్లింది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017లో భుజం దెబ్బతిని దాదాపు ఏడాది ఆటకు దూరం. 2019లో ఒలింపిక్ అర్హతకు ట్రయల్స్ పెట్టమని బహిరంగంగా అడిగి, డిసెంబరులో జరిగిన ఆ ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. దేశమంతా చూస్తుండగా ఓడిన ఆ పిల్లది అహంకారమన్నారు కొందరు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్. 2023 మార్చి 26న ఢిల్లీలో మళ్లీ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ప్రీక్వార్టర్స్‌లో ఓడి కళ్లనీళ్లు పెట్టుకుంది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం. పడటం, లేవటం ఇన్నిసార్లు చూసిన మనిషి మన ఊరి పక్కనే ఉంది.

ఆమె ఎందుకు ప్రొఫెషనల్ కాలేదన్న ప్రశ్నకు జవాబు ఆమె అందుకున్న వాటిలోనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో రెండు కోట్లు, హైదరాబాద్‌లో ఇంటిస్థలం ప్రకటించింది. 2023 ప్రపంచ స్వర్ణానికి లక్ష డాలర్ల బహుమతి. 2024లో డీఎస్పీ ఉద్యోగం. హుసాముద్దీన్‌కు సైన్యం ఉంది. మన దేశంలో మంచి బాక్సర్‌కు అసలు పర్సు సర్కారు ఉద్యోగమే. పోలీసు, రైల్వే, సైన్యం. నెల తిరిగేసరికి జీతం, ఇంట్లో చెల్లి పెళ్లి, తండ్రికి మందులు. దాన్ని వదిలి రౌండు లెక్కకు పొమ్మని ఎవరు చెప్పగలరు? నేను చెప్పను. పతకాలు తెచ్చిన కౌర్ సింగ్ సైన్యంలో పనిచేసి, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, పద్మశ్రీ అందుకుని కూడా చివరి ఏళ్లలో గుండె చికిత్సకు అప్పు చేయాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఉద్యోగం ఉన్నవాడి గతే అదైతే, లేనివాడి సంగతేమిటి?

అందుకే మన బాక్సర్లు ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెట్టి నడుస్తారు. వికాస్ క్రిషన్ 2019లో అమెరికాలో ప్రొఫెషనల్‌గా రెండు గెలిచి, ఒలింపిక్స్ కోసం వెనక్కి వచ్చాడు. సరితాదేవి 2017 జనవరిలో ఇంఫాల్‌లో సొంత జనం ముందు ప్రొఫెషనల్ అయి, తర్వాత మళ్లీ జాతీయ శిబిరానికి చేరింది. వీళ్లను నిలకడ లేనివాళ్లనడం అన్యాయం. ఒక ఒడ్డున జీతం ఉండి, ఇంకో ఒడ్డున ఏడాదికి ఒక్క పోటీ ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

లీగులు వచ్చాయి. 2017లో సూపర్ బాక్సింగ్ లీగ్‌లో రానా దగ్గుబాటి 'బాహుబలి బాక్సర్స్' జట్టు కొన్నాడు. 2019 డిసెంబరులో బిగ్ బౌట్ లీగ్ జరిగితే ఫైనల్లో పంజాబ్‌ను ఓడించి గుజరాత్ జట్టే గెలిచింది. రెండూ ఒక్కో సీజన్ మెరిసి ఆగిపోయాయి. ప్రో కబడ్డీ నిలబడిందంటే దాదాపు ఏటా వచ్చింది కాబట్టి. ఒక పండగ చేసి వెళ్లిపోతే ఏ ఆటా వృత్తి కాదు. తెలుగు సినిమా 'లైగర్' కోసం టైసన్‌నే తెచ్చింది. ఆ సినిమా ఖర్చులో ఏ కొంచెమో విశాఖలోనో నిజామాబాద్‌లోనో నెలకో నాలుగు రౌండ్ల కార్డుకు పెట్టి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఇప్పుడు ఆశ పెట్టుకోదగ్గవాళ్లు లేకపోలేదు. పారిస్‌లో క్వార్టర్స్ దాకా వెళ్లిన నిశాంత్ దేవ్ 2025 జనవరిలో మ్యాచ్‌రూమ్ అనే ప్రమోషన్ సంస్థ తరఫున లాస్ వేగస్‌లో అరంగేట్రం చేశాడు. మన్‌దీప్ జాంగ్రా అమెరికాలో మాజీ చాంపియన్ రాయ్ జోన్స్ దగ్గర శిక్షణ తీసుకుంటూ 2024 నవంబరులో డబ్ల్యూబీఎఫ్ టైటిల్ గెలిచాడు. అది నాలుగు పెద్ద సంస్థల బెల్టు కాదు, ఆ తేడా పత్రికలు చెప్పాలి. అయినా గెలుపు గెలుపే. ఇద్దరూ దేశం దాటి వెళ్లి ఆడుతున్నారు. సూరత్‌కు కూలికి వచ్చిన మా తాతలకు అర్థమయ్యే సంగతే ఇది. మగ్గం ఎక్కడ ఆగకుండా నడుస్తుందో మనిషి అక్కడికే పోతాడు.

మా వీధిలో పదిహేడేళ్ల కుర్రాడున్నాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివినవాడు. సాయంత్రాలు మేడ మీద ఇసుక నింపిన సంచిని గుద్దుతాడు. మొన్న వాళ్లింటికి వెళ్తే తల్లి వాడి చేతిపట్టీ ఉతికి ఆరేసి, ఒడిలో పెట్టుకుని చుడుతోంది. కండె చుట్టినట్టే, బొటనవేలితో అంచు నొక్కి, బిగువు సడలకుండా. "ఎంత పొడుగుంటదక్కా ఇది?" అని అడిగాను. "నాలుగున్నర మీటర్లు" అంది, కొలవకుండానే. "మామూలు బట్టయితే సాంచ మీద గంటకు పైనే."

కుర్రాడు నా పక్కకు జరిగి, అగ్నివీర్ పరీక్ష రాయమని నాన్న అంటున్నాడని, ముంబైలో ఎవరో నాలుగు రౌండ్ల పోటీ ఇప్పిస్తామంటున్నారని చెప్పాడు. ఏం చేయమంటావు బాబాయ్ అన్నాడు. ఆ ముంబైవాళ్లను ఒక్కటే అడగమన్నాను: దీని తర్వాతి పోటీ ఏ నెలలో?

తల్లి చుట్ట పూర్తిచేసి కొసను లోపలికి దోపింది. రెండో పట్టీ అందుకుంది.